ఇంటర్నేషనలైజేషన్: పొడవాటి ఇంగ్లిషు మాటను విడగొట్టి, ఊనిక కుదిర్చి పలకడం ఎలా?

పొడవాటి ఇంగ్లిషు మాట ఎదురైతే చాలామంది ఎడమ చివర మొదలుపెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతారు. సగం దాటేసరికి ఊపిరి అందదు, స్ట్రెస్ (ఒక ముక్క మీద వేసే బరువు, అంటే ఊనిక) పడాల్సిన చోట పడదు. ఇలాంటి మాటను తోక దగ్గర పట్టుకోవాలి. చివరనున్న ప్రత్యయం ఏదో తెలిస్తే స్ట్రెస్ ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

ఒకే మాట తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం: ఇంటర్నేషనలైజేషన్. ఇంగ్లిషులో 20 అక్షరాలు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు దీన్ని 'ఐ-18-ఎన్' అని కుదించి రాసుకుంటారు. మొదటి ఐకి, చివరి ఎన్‌కి మధ్య 18 అక్షరాలున్నాయని దాని అర్థం. రూపాయి గురించి వచ్చే వార్తల్లోనూ ఈ మాట తరచుగా కనిపిస్తుంది. ఈ ఒక్కటి చేతిలోకి వస్తే ఇదే తోక ఉన్న మాటలు పదుల కొద్దీ వాటంతటవే లొంగుతాయి.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఆడియో ఉన్న డిక్షనరీ, ఫోన్‌లోదైనా చాలు
- కాగితం, పెన్సిలు (పెన్ను వద్దు, గీతలు చెరిపి మళ్లీ గీయాల్సి వస్తుంది)
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్
- ఒక రబ్బరు బ్యాండు
- మొదటి మాటకు 20 నిమిషాలు, తర్వాతి మాటలకు ఐదేసి నిమిషాలు

రెండు మాటల అర్థం ముందే తేల్చుకుందాం. సిలబుల్ అంటే ఒక్క అచ్చు చుట్టూ ఒక్క ఊపులో నోటినుంచి వచ్చే ముక్క. స్ట్రెస్ అంటే ఆ ముక్కల్లో ఒకదానిమీద పడే బరువు. తెలుగు భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఊనిక అంటారు.

ఈ మార్గదర్శిలో [ ] లో ఉన్నది పెద్ద ఊనిక, ( ) లో ఉన్నది చిన్న ఊనిక, మిగిలినవి బలహీన సిలబుళ్లు. డిక్షనరీలో అయితే సిలబుల్‌కు ముందు పైభాగంలో చిన్న నిలువు గీత ఉంటే పెద్ద ఊనిక, కింద ఉంటే చిన్న ఊనిక. చాలా డిక్షనరీల్లో గీత సిలబుల్‌కి ముందే ఉంటుంది. దాన్ని వెనకున్న ముక్కకు అంటగట్టి చదవడం చాలామంది చేసే పొరపాటు.

ఇంకో జాగ్రత్త. కొన్ని డిక్షనరీల్లో మాట స్పెల్లింగు మధ్యే చుక్కలు కనిపిస్తాయి. అవి వరస చివర మాటను ఎక్కడ విరవాలో చెప్పే గుర్తులు, ఉచ్చారణకు కావు. సిలబుళ్ల కోసం ఉచ్చారణ రాసిన చోటే చూడాలి.

## 2. మాట ఎలా పుట్టిందో విప్పడం

సిలబుళ్లు లెక్కపెట్టక ముందే ఈ పని చేయాలి. ఊనిక ఎక్కడ పడాలో ప్రత్యయాలు చెబుతాయి కాబట్టి వాటిని ముందు గుర్తుపట్టాలి.

చివరినుంచి ఒక్కో పొర తీసేస్తూ రండి. తీసిన ప్రతిసారీ మిగిలినది సొంతంగా నిలబడే మాట అయి ఉండాలి. అదే పరీక్ష.

- ఇంటర్నేషనలైజేషన్: 'ఏషన్' తీస్తే ఇంటర్నేషనలైజ్ (క్రియ)
- 'ఐజ్' తీస్తే ఇంటర్నేషనల్ (విశేషణం)
- 'ఇంటర్' తీస్తే నేషనల్ (విశేషణం)
- 'అల్' తీస్తే నేషన్ (నామవాచకం)

ఇక్కడ పొరలు తీసే వరస ముఖ్యం. 'అల్' ముందు తీసేస్తే 'ఇంటర్నేషన్' మిగులుతుంది. అలాంటి మాట వాడుకలో లేదు కాబట్టి ఆ దారి తప్పు. 'నేషనలైజేషన్'కి 'ఇంటర్' తగిలించారనుకుంటే అర్థమే మారిపోతుంది. నేషనలైజేషన్ అంటే ప్రభుత్వపరం చేయడం. 1969 జులై 19న మన దేశంలో 14 బ్యాంకులకు జరిగింది అదే. మన మాటకు దానితో సంబంధం లేదు. ఇంటర్నేషనల్‌గా మార్చడం అనే అర్థం రావాలంటే ముందు ఇంటర్నేషనల్ తయారవ్వాలి, ఆ తర్వాతే ఐజ్, ఏషన్ దానికి అతకాలి.

తెలుగు మాటను పక్కన పెట్టుకుంటే ఇది ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. జాతి, జాతీయ, అంతర్జాతీయ, అంతర్జాతీయీకరణ. నేషన్ ఉన్నచోట జాతి, అల్ ఉన్నచోట ఈయ, ఇంటర్ ఉన్నచోట అంతర్, ఐజ్-ఏషన్ జంట ఉన్నచోట ఈకరణ. వరస కూడా అదే. అంతర్జాతీయీకరణ అనే మాటను తడుముకోకుండా విప్పగలిగినవాళ్లకు ఇంగ్లిషు మాటలో కొత్తగా నేర్చుకోవాల్సింది ఊనిక ఒక్కటే.

స్పెల్లింగులో ఒక చిన్న మార్పు గమనించండి. ఐజ్ చివరనున్న 'ఈ' అక్షరం, ఏషన్ చేరేటప్పుడు పోతుంది. అమెరికాలో 'జెడ్' రాస్తారు, బ్రిటన్‌లో ఎక్కువగా 'ఎస్' రాస్తారు. ఎస్ రాసినా అక్కడ పలికేది జెడ్ ధ్వనే.

## 3. సిలబుళ్లు లెక్కపెట్టడం

గడ్డం కింద అరచేయి ఆనించి మాటను నెమ్మదిగా పలకండి. దవడ కిందికి దిగిన ప్రతిసారీ ఒక వేలు మడవండి. దవడ సరిగ్గా తెలియకపోతే అచ్చు ధ్వనులు లెక్కపెట్టండి. అక్షరాలు మాత్రం లెక్కపెట్టకండి. టీఐఓఎన్‌లో అచ్చు అక్షరాలు రెండున్నా పలికేది ఒక్క 'షన్' మాత్రమే.

ఇన్ – ట – న్యా – ష – న – లై – జే – షన్

ఎనిమిది. వేళ్లు ఏడు దగ్గర ఆగితే కంగారు పడొద్దు. మాట వేగంగా పలికేటప్పుడు 'ష-న' రెండూ కలిసి 'న్యాష్-న-లై' అవుతాయి. డిక్షనరీలు ఆ రూపాన్నీ ఒప్పుకుంటాయి. వేళ్లు తొమ్మిదో పదో అయ్యాయంటే మాత్రం ఎక్కడో అచ్చు అదనంగా చేరింది. సాధారణంగా అది చివర ఉంటుంది. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి బస్, రోడ్ మన నోట్లో బస్సు, రోడ్డు అయ్యాయి. అదే అలవాటులో 'షన్' కాస్తా 'షను' అవుతుంది.

రెండో సిలబుల్ 'ట' చివర 'ర' పలకాలా అని అడుగుతుంటారు. అమెరికావాళ్లు పలుకుతారు, బ్రిటన్‌లో ఎక్కువమంది పలకరు, మనవాళ్లు పలుకుతారు. ఏది చేసినా లెక్క మారదు.

ఇప్పుడు కాగితం మీద రెండు వరసలు రాయండి. పైన అర్థపు ముక్కలు, కింద సిలబుళ్లు. గీతలు ఒకచోట పడవు. 'నేషన్'కి చెందిన ఎన్, పలికేటప్పుడు 'అల్'తో కలిసి 'నల్' అవుతుంది. మళ్లీ ఆ 'నల్'లోని 'ల', పక్కనున్న 'ఐజ్'లోకి జారి 'లై' అవుతుంది. 'ఐజ్'లోని జెడ్ అక్కడ ఆగకుండా 'ఏషన్'లోకి వెళ్లి 'జే' అవుతుంది. మనకిది కొత్తేమీ కాదు. రాముడు, ఎక్కడ కలిస్తే 'రాముడెక్కడ' అవుతుంది కదా, అందులో 'డె' ఏ మాటదో అడిగితే రెండింటిదీ అనే చెప్పాలి. విడగొట్టేటప్పుడు సంధి విప్పాలి, పలికేటప్పుడు కలిపే పలకాలి.

## 4. పెద్ద ఊనిక ఎక్కడో తేల్చడం

ఇంగ్లిషు ప్రత్యయాలను మూడు గుంపులుగా గుర్తుపెట్టుకోవచ్చు.

మొదటి గుంపు ఊనికను తన ముందు సిలబుల్ మీదికి లాక్కుంటుంది. షన్, ఇక్, ఇటీ, లజీ, గ్రఫీ ఇందులోవి. ఎడ్యుకేషన్‌లో [కే], బయాలజీలో [యా], ఫొటోగ్రఫీలో [టా]. ఫొటో అన్నప్పుడు [ఫో] మీదున్న బరువు గ్రఫీ చేరగానే రెండో సిలబుల్‌కు జరుగుతుంది.

రెండో గుంపు ఊనికను కదపదు. నెస్, మెంట్, ఫుల్, లెస్, షిప్, లీ ఇందులోవి. ఐజ్‌ను కూడా ఇక్కడే పెట్టుకోవచ్చు. ఇంటర్నేషనల్‌లో ఊనిక [న్యా] మీద ఉంది, ఇంటర్నేషనలైజ్‌లోనూ అక్కడే ఉంటుంది.

మూడో గుంపు ఊనికను తనే తీసుకుంటుంది. ఎంప్లాయీలో చివరి [ఈ], ఇంజనీర్‌లో చివరి [నీర్], జపనీస్‌లో చివరి [నీస్].

మన మాట తోకలో 'షన్' ఉంది, మొదటి గుంపు. దాని ముందున్న సిలబుల్ 'జే'. అంటే పెద్ద ఊనిక [జే] మీద. అంతే, ఇంక వెతకాల్సింది లేదు. 'ఐజేషన్' అని ముగిసే ప్రతి మాటలోనూ పెద్ద ఊనిక ఇక్కడే, మాట ఎంత పొడుగైనా సరే.

మినహాయింపులు లేకపోలేదు. టెలివిజన్‌లో ఊనిక మొదటి [టె] మీద ఉంటుంది. పాలిటిక్స్, అరిథ్మెటిక్ లాంటివి 'ఇక్' నియమానికి లొంగవు. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవడమే దారి.

## 5. చిన్న ఊనిక: పాత బరువు మిగిలిన చోటు

చాలా పాఠాలు దీన్ని వదిలేస్తాయి. పొడవాటి మాట తడబడకుండా రావడానికి మాత్రం ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది. పెద్ద ఊనిక ఏడో సిలబుల్ మీద ఉంది. అంతదాకా ఆరు సిలబుళ్లు చదునుగా పలకడం ఎవరివల్లా కాదు. మధ్యలో కాలు మోపడానికి మెట్లు కావాలి.

ఆ మెట్లు ఎక్కడో తెలియాలంటే ప్రత్యయం చేరకముందు మాటలో ఊనిక ఎక్కడుందో చూడండి. ఇంటర్నేషనల్‌లో పెద్ద ఊనిక [న్యా] మీద, చిన్నది (ఇన్) మీద. ఏషన్ వచ్చి పెద్ద బరువును [జే]కి లాక్కున్నాక, న్యా పూర్తిగా తేలికైపోదు, చిన్న ఊనికగా మిగులుతుంది.

(ఇన్) – ట – (న్యా) – ష – న – లై – [జే] – షన్

ఈ నియమం చాలా మాటలకు పనికొస్తుంది కానీ అన్నిటికీ కాదు. ఎక్స్‌ప్లెయిన్‌లో ఊనిక [ప్లెయిన్] మీద ఉంటుంది. ఎక్స్‌ప్లనేషన్ అయ్యేసరికి అది పూర్తిగా పోయి, చిన్న ఊనిక (ఎక్స్) మీదికి వెళుతుంది. పెద్ద ఊనికకు ఆనుకుని ముందు సిలబుల్‌లోనే ఇంకో బరువు ఉండటం ఇంగ్లిషుకు అంతగా సరిపడదు.

## 6. 'నేషన్' ఎప్పుడు 'న్యాషన్' అవుతుంది?

పైన 'న్యా' అని రాయడం చూసి అచ్చుతప్పు అనుకున్నవాళ్లు ఉండొచ్చు. అచ్చుతప్పు కాదు. నేషన్‌లో 'నే' దీర్ఘం. 'అల్' చేరగానే అది కుదించుకుపోయి, బ్యాంకు, బ్యాగు మాటల్లో మనం పలికే ఆ అచ్చు అవుతుంది, ఇంకాస్త పొట్టిగా. డిక్షనరీ ఉచ్చారణ న్యాషనల్, ఇంటర్న్యాషనల్. నేచర్, న్యాచురల్ జంట కూడా ఇలాంటిదే. మనం నేషనల్, నేచురల్ అంటున్నది నేషన్, నేచర్‌లను చూసి.

మన దేశంలో నేషనల్ అంటే అర్థంకాని మనిషి ఉండడు, తెలుగులో రాసేటప్పుడు అలాగే రాస్తాం. ఈ వ్యాసం శీర్షికలోనూ అలాగే ఉంది. ఉచ్చారణ గుర్తులు రాయమని అడిగే పరీక్షలోనూ, విదేశీయులతో మాట్లాడేటప్పుడూ మాత్రం 'న్యా' వాడటం మేలు.

అన్నిచోట్లా ఇలా మారుతుందనుకోకండి. ఎడ్యుకేషన్ ఎడ్యుకేషనల్ అయినా 'కే' అలాగే ఉంటుంది. అనుమానం వస్తే ఆడియో వినండి.

## 7. మిగిలిన సిలబుళ్లను తేలిక చేయడం

తెలుగు చెవికి ఇది అన్నిటికన్నా కష్టం. ఎందుకో మన ఛందస్సే చెబుతుంది. ఇంటర్నేషనలైజేషన్‌ను తెలుగు లెక్కన గురు లఘువులు వేసి చూడండి. ఇం గురువు, ర్నే ముందున్న ట గురువు, నే గురువు, ష, న లఘువులు, లై గురువు, జే గురువు, పొల్లుతో ముగిసిన షన్ గురువు. ఎనిమిదింట ఆరు గురువులు! ఈ లెక్క నోట్లో ఉన్నంతకాలం ప్రతి ముక్కా బరువుగానే వస్తుంది. ఇంగ్లిషులో చివరి 'షన్' అన్నిటికన్నా తేలికైన ముక్కల్లో ఒకటి. పొల్లు ఉన్నా, దాని ముందున్న అచ్చు దాదాపు మాయమైపోతుంది.

బలహీన సిలబుల్‌లోని అచ్చుకు తెలుగులో సరైన అక్షరం లేదు. నోరు కొద్దిగా తెరిచి, నాలుకను ఎటూ కదపకుండా, 'అ' అనబోయి మధ్యలో వదిలేసినంత చిన్న ధ్వని అది. ట, ష, న, షన్‌లలో ఉన్నది అదే. 'లై' సంగతి వేరు. బ్రిటన్ పలుకుబడిలో 'లై' అచ్చు పూర్తిగా వినిపిస్తుంది, బరువు మాత్రం ఉండదు. అమెరికావాళ్లు దాన్ని కూడా 'ల'గా నలిపేస్తారు. రెంటిలో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

రబ్బరు బ్యాండు ఇప్పుడు తీయండి. రెండు బొటనవేళ్లకు తగిలించి, [జే] దగ్గర బాగా సాగదీయండి, (ఇన్), (న్యా) దగ్గర కొంచెం సాగదీయండి, మిగిలిన చోట వదులుగా ఉంచండి. చేయి సాగినంతసేపు అచ్చు కూడా సాగాలి. [జే] దగ్గర గొంతు స్థాయి కూడా ఒక మెట్టు పైకి లేవాలి. ఊనిక అంటే గట్టిగా అరవడం అనుకుని గొంతు పెంచితే సరిపోదు. నిడివి, స్థాయి, స్పష్టమైన అచ్చు మూడూ కలిస్తేనే వినేవాళ్లకు అది తెలుస్తుంది.

'జే'లోని జెడ్ ధ్వని కోసం: 'స్స్స్' అని సాగదీస్తూ గొంతు మీద వేళ్లు పెట్టండి. నాలుక కదపకుండా గొంతులో అదురు తెప్పించండి. ఆ తుమ్మెద మోతే జెడ్. తెలుగు 'జ'లో నాలుక అంగిలిని తాకుతుంది, దీనిలో తాకదు.

## 8. వెనకనుంచి ముందుకు పలకడం

ముందునుంచి మొదలుపెడితే బరువైన చోటికి చేరేసరికి అలిసిపోతాం. చివరినుంచి కట్టుకుంటూ రండి. ఒక్కో వరసా మూడుసార్లు.

- [జే]షన్
- లై[జే]షన్
- న-లై[జే]షన్
- ష-న-లై[జే]షన్
- (న్యా)ష-న-లై[జే]షన్
- ట-(న్యా)ష-న-లై[జే]షన్
- (ఇన్)ట-(న్యా)ష-న-లై[జే]షన్

ఎక్కడైనా తడబడితే ఒక వరస వెనక్కి వెళ్లండి. మొదటికి వెళ్లనక్కర్లేదు. వరసలన్నీ అయ్యాక రికార్డు చేసి డిక్షనరీ ఆడియో పక్కన పెట్టి వినండి. వినేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: బాగా వినబడిన ముక్క 'జే'యేనా?

ఆ తర్వాత మాటను వాక్యంలో పెట్టాలి. 'ది ఇంటర్న్యాషనలైజేషన్ ఆఫ్ ద రుపీ' అని పలకండి. రుపీలో ఊనిక చివరి [పీ] మీద ఉంటుంది. కాబట్టి వాక్యంలో గట్టి దెబ్బలు రెండే: [జే], [పీ]. టేబుల్ మీద వేలితో ఆ రెండు చోట్లే తట్టండి. 'ఆఫ్ ద' వేగంగా జారిపోవాలి.

## 9. తప్పు ఎక్కడ జరుగుతుంది, ఎలా దిద్దాలి

పెద్ద ఊనిక 'న్యా' మీదే ఉండిపోవడం. ఇంటర్నేషనల్ అని రోజూ అంటుంటాం కాబట్టి పాత బరువు కదలదు. ఇంటర్నేషనల్, ఇంటర్నేషనలైజేషన్ జంటగా పదిసార్లు పలకండి. మొదటి మాటలో 'న్యా' దగ్గర, రెండో మాటలో 'జే' దగ్గర చిటికె వేయండి.

'టర్' మీద బరువు. రెండు హల్లులు పక్కపక్కన కనిపించేసరికి గురువు అలవాటు పని చేస్తుంది. 'ఇన్ట' అని ఒక్క గుక్కలో, 'ట'ను మింగేసినట్టు పలకండి.

'ఇంటర్' తర్వాత ఆగడం. ముక్కలు విడగొట్టిన కొత్తలో వస్తుంది. 8వ మెట్టులో చివరి మూడు వరసలు మళ్లీ చేయండి.

అన్నీ సమానంగా వినిపించడం. చేసిన పని తక్కువైందని కాదు, వేగం ఎక్కువైంది. సగం వేగానికి తగ్గి రబ్బరు బ్యాండుతో చేయండి, తేడా నిలిచాకే వేగం పెంచండి.

వీటిలో వినేవాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది పెద్ద ఊనిక తప్పిపోవడం. జెడ్ బదులు జ పలికినా, 'న్యా' బదులు 'నే' పలికినా సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. సమయం తక్కువుంటే ఆ మొదటి తప్పు మీదే ఖర్చుపెట్టండి.

## 10. కొత్త మాట వచ్చినప్పుడు చూసుకోవాల్సినవి

- చివరి ప్రత్యయం ఏది, ఏ గుంపుది?
- పొరలు తీస్తే ప్రతిసారీ నిజమైన మాటే మిగిలిందా?
- అచ్చు ధ్వనులు ఎన్ని?
- పెద్ద ఊనిక ఎక్కడ?
- ప్రత్యయం లేనప్పుడు ఊనిక ఎక్కడుండేది? అది చిన్నదిగా మిగిలిందా?
- అచ్చు ఎక్కడైనా నేషన్-న్యాషనల్ లాగా మారిందా?
- డిక్షనరీతో సరిచూశారా?

కింది మాటలను ముందు సొంతంగా విప్పి, తర్వాత జవాబు చూడండి. 'ర' ఉన్నచోట మన అలవాటు ప్రకారమే రాశాం.

- ఆర్గనైజేషన్, 5 సిలబుళ్లు: (ఆర్)-గ-నై-[జే]-షన్
- హాస్పిటలైజేషన్, 6: (హాస్)-పి-ట-లై-[జే]-షన్
- కమర్షియలైజేషన్, 6: క-(మర్)-ష-లై-[జే]-షన్. స్పెల్లింగు చూసి 'షియ' అని రెండు ముక్కలు చేస్తే ఏడు వస్తాయి.
- ఇండస్ట్రియలైజేషన్, 7: ఇన్-(డస్)-ట్రి-య-లై-[జే]-షన్. ఇండస్ట్రీలో బరువు 'ఇన్' మీద, ఇండస్ట్రియల్‌లో 'డస్' మీద. చిన్న ఊనిక రెండోదాన్నే అనుసరిస్తుంది, ఎందుకంటే ఐజ్ అతికింది ఇండస్ట్రియల్‌కి.
- రెస్పాన్సిబిలిటీ, 6: రి-(స్పాన్)-స-[బి]-ల-టి. తోక 'ఇటీ' కాబట్టి పెద్ద ఊనిక దానికి ముందున్న 'బి' మీద.
- ఇన్‌స్టిట్యూషనలైజేషన్, 8: (ఇన్)-స్టి-(ట్యూ)-ష-న-లై-[జే]-షన్. మనం నేర్చుకున్న మాటకూ దీనికీ లయ ఒక్కటే. రెండూ ఒకదాని వెంట ఒకటి పలికి చూడండి, వేలి దెబ్బలు ఒకేచోట పడాలి.